గ్రీకు ఉచ్చారణ, స్వరచిహ్నాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: ప్రాచీన గ్రీకును సొంతంగా నేర్చుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఈటా అనే అక్షరాన్ని దీర్ఘ ఏకారంగా పలకాలని పుస్తకంలో ఉంది. నేను విన్న రికార్డింగులో దానినే ఈకారంగా పలికారు. పైగా చాలా మాటల మీద రెండేసి గుర్తులు కనిపిస్తున్నాయి. ఏ ఉచ్చారణ సరైనది? గుర్తులను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చునా?

సమాధానం: రెండూ సరైనవే, కాకపోతే వేరువేరు కాలాలకు చెందినవి. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు హాస్యనాటకకర్త క్రాటినస్ పాదమొకటి మనకు మిగిలింది. అందులో ఒక మూర్ఖుడు గొర్రెలా ‘బే బే’ అంటూ నడుస్తాడు. అవే అక్షరాలను నేటి గ్రీకు పద్ధతిలో చదివితే ‘వీ వీ’ అవుతుంది. ఏ గొర్రే అలా అరవదు. కాలక్రమంలో ఈటా, ఉప్సిలాన్‌లతో పాటు కొన్ని జంట అచ్చులు కూడా ఈకారంలో కలిసిపోయాయి. డచ్ పండితుడు ఎరాస్మస్ 1528లో ఈ విషయంపై గ్రంథం ప్రచురించిన తర్వాత పశ్చిమ ఐరోపా పండితులు పాత ఉచ్చారణను పునర్నిర్మించే దారి పట్టగా, గ్రీసులో మాత్రం ప్రాచీన గ్రంథాలను కూడా నేటి ఉచ్చారణతోనే చదువుతారు. మీరు నేర్చుకుంటున్నది ప్రాచీన భాష కనుక పునర్నిర్మిత ఉచ్చారణనే ఎంచుకుని, కనీసం మొదటి ఏడాది దానినే పట్టుకుని ఉండండి.

తెలుగువారికి ఈ ఉచ్చారణ కొంత సులువు. ఎప్సిలాన్ మన ఎకారం, ఈటా ఏకారం. ఓమిక్రాన్ ఒకారం, ఓమేగా ఓకారం. ‘మేడ’లోని ఏకారం ‘పేరు’లోని ఏకారం కన్నా కాస్త నోరు తెరిచి పలుకుతాం కదా, ఈటా మొదటిదానికి దగ్గరగానూ, ఎప్సిలాన్-ఐయోటా జంట రెండోదానికి దగ్గరగానూ ఉంటుంది. పై, టౌ, కప్పాలకు ఎదురుగా ఉన్న ఫై, థీటా, ఖైలు మన ఒత్తక్షరాలైన ఫ, థ, ఖ వంటివే. ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం: మనలో చాలామంది ‘ఫలం’లోని ఫకారాన్ని కింది పెదవిని పై పళ్ళకు ఆనించి, ‘ఫ్యాను’ అన్నట్టుగా పలుకుతారు. ప్రాచీన ఫైకి పెదవులు రెండూ పూర్తిగా మూసుకుని, ఊపిరితో విడిపోవాలి. నోటి ముందు అరచేయి పెట్టుకుంటే ఆ గాలి తగలాలి.

ఇక గుర్తుల సంగతి. మాట మొదట్లోని అచ్చు మీద కనిపించే చిన్న కొక్కెం శ్వాస చిహ్నం. అది కుడివైపుకు తెరుచుకుంటే హకారం పలకాలి, ఎడమవైపుకు తెరుచుకుంటే ఏమీ పలకనక్కరలేదు. రెండో గుర్తు స్వరానిది. అక్యూట్ (కుడికి వాలిన గీత) ఉన్నచోట గొంతు స్థాయి పెరుగుతుంది. సర్కంఫ్లెక్స్ (అలలా వంగిన గీత) ఉన్న దీర్ఘంలో స్థాయి పెరిగి, ఆ అచ్చులోనే దిగుతుంది. వేదంలోని ఉదాత్తాదుల మాదిరిగా ఇది స్థాయికి సంబంధించినదే తప్ప, ఇంగ్లీషులో లాగా గట్టిగా నొక్కి పలకడం కాదు.

వీటిని వాయిదా వేయవద్దనే నా సలహా, ఎందుకంటే స్వరమూ దీర్ఘమూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. మనిషి అనే అర్థమున్న ‘అంథ్రోపొస్’లో స్వరం మొదటి అచ్చు మీద ఉంటుంది, ‘మనిషి యొక్క’ అన్నప్పుడు అది ‘అంథ్రోపూ’ అయి, చివరి అచ్చు దీర్ఘం కావడంతో స్వరం మధ్య అక్షరానికి జరుగుతుంది. ఆల్ఫా, ఐయోటా, ఉప్సిలాన్‌లకు హ్రస్వానికీ దీర్ఘానికీ ఒకే అక్షరం కాబట్టి, వాటి మీద సర్కంఫ్లెక్స్ కనబడితే అది దీర్ఘమేనని వెంటనే తెలుస్తుంది. గుర్తులు లేకుండా వంద మాటలు కంఠస్థం చేసినవారు ఆ వందా మళ్ళీ నేర్చుకోవలసి వస్తుంది.

స్వరం తప్పితే ఏమవుతుందో ఏథెన్సు ప్రేక్షకులకు బాగా తెలుసు. క్రీ.పూ. 408లో యూరిపిడీస్ నాటకం ‘ఒరెస్టీస్’లో హెగెలొఖస్ అనే నటుడు ‘అలల తర్వాత మళ్ళీ ప్రశాంతతను చూస్తున్నాను’ అనవలసిన చోట అక్యూట్‌కు బదులు సర్కంఫ్లెక్స్ పలకగా, ముంగిసను పోలిన ఒక చిన్న జంతువును చూస్తున్నట్టు అర్థం వచ్చింది. మూడేళ్ళ తర్వాత కూడా హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్ తన ‘కప్పలు’ నాటకంలో ఆ పొరపాటును ఎగతాళి చేశాడు.

ప్రశ్న: నిఘంటువులో మాట చివర అక్యూట్ ఉంటే, వాక్యంలో అదే చోట ఎడమకు వాలిన గీత కనిపిస్తోంది. అచ్చుతప్పా?

సమాధానం: కాదు. చివరి అచ్చు మీది అక్యూట్, వెంటనే మరో మాట వచ్చినప్పుడు సాధారణంగా గ్రేవ్‌గా, అంటే మీరు చూసిన ఆ ఎడమకు వాలిన గీతగా మారుతుంది. విరామ చిహ్నానికి ముందు మారదు. గ్రేవ్ ఉన్నచోట గొంతు పెంచకుండా చదివితే చాలు.

ప్రశ్న: నేటి గ్రీకు పత్రికల్లో ఒకే రకం గుర్తు కనిపిస్తోంది. మిగిలినవి ఏమయ్యాయి?

సమాధానం: క్రీ.పూ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతి, బైజాంటియమ్‌కు చెందిన అరిస్టోఫనీస్ (నాటకకర్త వేరు) ఈ చిహ్నాలను ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. తర్వాతి శతాబ్దాల్లో స్థాయిభేదం పోయి ఊనిక (నొక్కి పలకడం) మాత్రమే మిగిలింది, హకారమూ మాయమైంది. అయినా రాతలో అన్ని గుర్తులూ కొనసాగాయి, చివరకు 1982లో గ్రీసు ప్రభుత్వం ఊనికకు ఒక్క గుర్తును ఉంచి మిగిలిన స్వర, శ్వాస చిహ్నాలను తొలగించింది. ఆ ఒక్కటి మాత్రం తప్పనిసరి: ‘పొతె’ అనే మాటలో ఊనిక మొదటి అక్షరం మీద ఉంటే ‘ఎప్పుడు’ అనే ప్రశ్న, రెండోదాని మీద ఉంటే ‘ఎన్నడూ’ అనే అర్థం.