‘ఇంట్లోనే ఉంటావు కదా, తొందరేముంది?’

“ఇంటి నుంచే సొంతంగా పని చేసుకునేవారు ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారు? ధ్యానం, యోగా చేయమనకుండా అనుభవంతో చెప్పండి” అని ఒకరు అడిగారు. నేను కడపలో ఏడేళ్లుగా ఇంట్లోనే కూర్చుని వ్యాపారుల లెక్కలు చూస్తూ, జీఎస్టీ రిటర్నులు వేస్తూ బతుకుతున్నాను. ఈ ప్రశ్న నన్నే అడిగినట్టుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన ఊళ్లలో ఇంటి నుంచి పని చేసుకునేవారి ఒత్తిడిలో ముప్పాతిక వంతు మొహమాటం నుంచే పుడుతుంది. పని ఎక్కువై మంచం పట్టినవారిని నేను చూడలేదు. కాదనలేక, గడువు చెప్పలేక, చేసిన పనికి డబ్బు అడగలేక నలిగిపోయినవారిని మాత్రం మా వీధిలోనే నలుగురిని చూపించగలను.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చేనాటికి నేను ఒక ఆడిటరుగారి దగ్గర గుమాస్తాను. మరుసటి ఏడాది బయటికి వచ్చి ముందు గదిలో బల్ల, కంప్యూటరు వేసుకున్నాను. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, వై.వి. స్ట్రీటులో బట్టల కొట్లు, ఒకరిద్దరు ఎరువుల డీలర్లు నా పార్టీలు, అంటే నేను లెక్కలు చూసే వ్యాపారులు. మా పనిలో తేదీలే ప్రాణం. సరుకు అమ్మినవాడు మరుసటి నెల 11లోగా జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను వేయకపోతే, 14న తయారయ్యే కొన్నవాడి కొనుగోళ్ల పట్టికలో, అంటే జీఎస్టీఆర్-2బీలో ఆ బిల్లు కనిపించదు. ఆ నెలకు అతనికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకునే వీలు దక్కదు. బెంగళూరులో రాయి కొన్నవాడు ఎర్రగుంట్లలో అమ్మినవాణ్ని నిలదీస్తాడు. అతను కడపకు ఫోను చేసి నన్ను నిలదీస్తాడు. ఆ తర్వాత 20వ తేదీ, పన్ను కట్టి జీఎస్టీఆర్-3బీ వేయవలసిన చివరి రోజు.

ఇన్ని తేదీలున్నా నేను ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు సాయంత్రం ఏడు దాటాక ఒక్కరూ ఫోను చేసేవారు కాదు. ఇంటికి మారగానే అందరి నోటా ఒకటే మాట: “ఇంట్లోనే ఉంటావు కదా!” పక్కింటివారి గ్యాస్ సిలిండరు మా ఇంట్లో దించుతారు. ఎదురింటివారి కొరియరు మా బల్ల మీదికి వస్తుంది. బంధువుల్లో ఎవరు ఆసుపత్రిలో చేరినా రాత్రి తోడుకు మొదట నా పేరే చెబుతారు. చెల్లెలి పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి, నేను కంప్యూటరు ముందు ఉండగానే, “అబ్బాయి ప్రస్తుతానికి ఖాళీయా?” అని మా అమ్మను అడిగాడు. నెలకు ముప్పై మందికి పైగా లెక్కలు చూసేవాణ్ని ఖాళీ అనడం ఈ రోజుకీ నాకు మింగుడు పడలేదు.

ఇక అసలు సంగతి. 2023 ఏప్రిల్ 20. ఎండలు మండిపోతున్నాయి, రాత్రయినా గోడలు వేడిగానే ఉన్నాయి. ఎనిమిదిన్నరకు బాబాయి వరసయ్యే ఆయన పసుపు రంగు చేతిసంచితో గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకు పాలిష్ యూనిట్ ఉంది. అమ్మకాల బిల్లులు పదోసారి ఫోను చేసి ఎలాగో 11లోపల రాబట్టాను. కొనుగోలు బిల్లులు మాత్రం ఆ రాత్రే తెచ్చాడు.

“ఏం బాబాయ్, ఇవాళ చివరి రోజు కదా” అన్నాను.

“నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా నాయనా, తొందరేముందిలే అనుకున్నా” అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆయనలో కల్మషం లేదు.

సంచి బోర్లిస్తే ఎనభైకి పైగా కాగితాలు. రాయి కోసినప్పుడు వచ్చే బూడిదరంగు బురద వాటి మీద ఎండి అట్టకట్టింది. గోటితో గీకితే తప్ప బిల్లు నంబరు కనిపించదు. ఒక్కొక్కటి గీకి, 2బీతో సరిచూసి, కట్టవలసిన పన్ను 38,000 అని తేల్చేసరికి పదకొండు దాటింది. చలానాకు బ్యాంకు ఓటీపీ కావాలి, రిటర్నుకు పోర్టల్ ఓటీపీ కావాలి. రెండూ ఎర్రగుంట్లలో ఉన్న వాళ్ల అబ్బాయి ఫోనుకే వస్తాయి. ఆ ఫోను స్విచాఫ్.

ఆ సమయంలో అమ్మ స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చింది. “మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, ఇదైనా తాగు” అని చేతికి అందించబోయింది. “నన్ను ఒక్క నిమిషం వదిలిపెట్టవా!” అని అరిచి చెయ్యి విసిరాను. గ్లాసు కింద పడింది. మా ఇంటి నేల కూడా ఆ నాపరాయే, నల్లటిది. దాని మీద తెల్లగా మజ్జిగ పాకుతూ పోయి రాళ్ల సందుల్లో నిలిచింది. మధ్యలో ఒక కరివేపాకు రెబ్బ. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఏమీ అనకుండా గుడ్డ తెచ్చి కింద కూర్చుని తుడిచింది. బాబాయి గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయాడు. నేను కుర్చీలోంచి లేవలేదు, నా కళ్లు ఫోను మీదే ఉన్నాయి.

పన్నెండూ నలభైకి ఆ అబ్బాయి తిరిగి ఫోను చేశాడు. రిటర్ను వేశాను. అప్పటికి తేదీ మారిపోయింది. బాబాయి హాల్లో ఫ్యాను కింద హాయిగా నిద్రపోయి, పొద్దున ఉగ్గాణి, బజ్జీ తిని, బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఒక్క రోజు ఆలస్యానికి రుసుము 50 రూపాయలు. 38,000 మీద ఏడాదికి 18 శాతం చొప్పున ఒక రోజు వడ్డీ 19 రూపాయలు. మొత్తం 69. ఆ అంకె కాగితం మీద వేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అరవై తొమ్మిది రూపాయల కోసం కన్నతల్లి మీద చెయ్యి విసిరాను.

ఆ వారమే పార్టీలందరికీ ఒకే సందేశం పంపాను. బిల్లులు 5వ తేదీలోగా అందాలి. ఓటీపీ వచ్చే ఫోను ఎవరి దగ్గర ఉంటుందో ముందే చెప్పాలి. సాయంత్రం ఏడు తర్వాత ఫోను ఎత్తను. బంధువులకైనా రుసుము ఒకటే, అదీ ముందుగానే ఇవ్వాలి. పంపేటప్పుడు వేళ్లు వణికాయి. నలుగురు మానేశారు, వారిలో ఒకరు మళ్లీ వచ్చారు. బాబాయి రెండు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు వాళ్ల అబ్బాయి ప్రతి నెలా నాలుగో తేదీకే బిల్లుల ఫొటోలు పంపిస్తున్నాడు.

ఇంకొకటి చేశాను. టర్నోవరు 5 కోట్ల రూపాయల లోపు ఉన్నవారు మూడు నెలలకోసారి రిటర్ను వేసే వీలు 2021 జనవరి నుంచి ఉంది. మొదటి రెండు నెలల పన్ను మాత్రం ఏ నెలది ఆ మరుసటి నెల 25లోగా చలానాతో కట్టాలి. నెలవారీ రుసుము పోతుందేమోనన్న భయంతో రెండేళ్లు ఈ మాట పార్టీలకు చెప్పనే లేదు. పదకొండు మందిని దానికి మార్చాను. మూడు నెలల లెక్కకు మూడు నెలల రుసుమే ఇస్తున్నారు. రెండేళ్లు అనవసరంగా భయపడ్డాను. మీ పనిలో కూడా ఇలా భయంతో వాడుకోని వెసులుబాటు ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మా కడపలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా తల పని చేయదు. తెల్లవారుజామున ఐదుకు కూర్చుంటే పదికల్లా పెద్ద పని అయిపోతుంది. సొంత పని పెట్టుకున్నాక కూడా ఆఫీసు వేళలే పాటించి ఒళ్లు గుల్ల చేసుకునేవారంటే నాకు కోపం. ఆ వేళలు ఎవరు పెట్టారు మీకు?

చివరగా, నా ముందు గదికి తలుపు ఉండేది కాదు, హాలుకూ గదికీ మధ్య ఉత్త ఆర్చి మాత్రమే. కడప అన్న పేరు గడప నుంచే వచ్చిందని, తిరుమలకు మా దేవుని కడప తొలి గడప అని పెద్దలు చెబుతారు. అలాంటి ఊళ్లో ఉంటూ నా పనికి ఒక గడప లేకపోవడం అప్పటిదాకా నాకు తోచలేదు. వడ్రంగిని పిలిచి వేపచెక్కతో ద్వారబంధం, తలుపు చేయించాను. 14,000 అయింది. గడప బిగించిన రోజు అమ్మ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఇప్పటికీ ప్రతి శుక్రవారం పెడుతుంది.

తలుపు తీసే ఉన్నా మజ్జిగ తెచ్చినప్పుడు ఆమె లోపలికి రాదు, గడప అవతలే నిలబడుతుంది. నేనే లేచి వెళ్లి గ్లాసు అందుకుంటాను.