నాన్నగారిని ఆపిల్ తోటకి తీసుకెళ్లండి

నిన్న మా కడియపులంకలో కార్తీక వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసి కంద బచ్చలి కూర వడ్డిస్తుంటే పక్కింటి పిన్నిగారు నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. "అమ్మాయ్, వచ్చే సెప్టెంబరుకి మావాడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్ రమ్మంటున్నాడు. ఆర్నెల్లంట. ఆ నాలుగ్గోడల మధ్య మీ బాబాయిగారికి పొద్దెలా పోతుందే?" అన్నారు.

బాబాయిగారిది నర్సరీ. తెల్లారకుండానే మొక్కల్లో తిరగాలి, లేకపోతే కాఫీ కూడా సయించదు ఆయనకి. అలాంటి మనిషిని షాపింగ్ మాల్స్ తిప్పితే రెండో వారానికే టికెట్ ముందుకు మార్చమంటారు. నేను అక్కడున్నప్పుడు మా నాన్నగారు నా దగ్గరికి వచ్చిన మొదటిసారి నేనూ అదే పొరపాటు చేశాను. న్యూయార్క్ అంతా చూపించాను, మాట్లాడకుండా చూశారు. అక్టోబరులో ఒక శనివారం న్యూజెర్సీలోనే ఉన్న ఒక ఆపిల్ తోటకి తీసుకెళితే, కారు దిగిన ఐదు నిమిషాలకే ఒక చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నారు. కాండం మీద నేలకి జానెడెత్తున ఉన్న ఉబ్బుని వేలితో తడిమి, "ఇది అంటు మొక్కే అమ్మా, అందుకే ఇంత పొట్టిగా ఉంచగలిగారు" అన్నారు. అమెరికా వచ్చాక ఆయన గొంతులో హుషారు వినడం అదే మొదలు.

అందుకే ఈ మధ్యే అక్కడికి వెళ్లిన మన గోదావరి పిల్లలందరికీ చెబుతున్నాను. అమ్మానాన్నల్ని సెప్టెంబరు, అక్టోబరుల్లో పిలిపించుకోండి, ఒక రోజు తోటకి కేటాయించండి. ఎవరి కాయలు వాళ్లే కోసుకునే ఇలాంటి తోటల్ని 'పిక్ యువర్ ఓన్' అంటారు. ప్రవేశానికి టికెట్ ఉండొచ్చు, కోసుకున్న కాయలకి సంచి లెక్కనో తూకం లెక్కనో డబ్బు కట్టాలి. ముందు ఫోన్ చేసి ఆ వారం ఏ రకాలు కోతకొచ్చాయో కనుక్కోండి. ఆపిల్ రకాల్లో గాలా, హనీక్రిస్ప్ ముందొస్తాయి, ఫ్యూజీ, గ్రానీ స్మిత్ లాంటివి ఆలస్యంగా వస్తాయి. అక్టోబరు శని, ఆదివారాల్లో హాలోవీన్ పండగ గుమ్మడికాయల కోసం ఊరంతా అక్కడే ఉంటుంది. వీలైతే మామూలు రోజున, లేదా గేటు తీసే వేళకి వెళ్లండి.

కొలతల దగ్గర జాగ్రత్త. బుషెల్ అనే కొలత ఆపిల్స్‌కి సుమారు 42 పౌన్లు, మన లెక్కలో 19 కిలోలు. కొత్తలో ముగ్గురం ఉన్న ఇంటికి అది కొన్నాం, సగం కుళ్లబెట్టి పారేశాం. ఒక రైతు ఏడాదంతా పెంచిన కాయ చెత్తబుట్టలో వేస్తుంటే నాకు కళ్లనీళ్లొచ్చాయి. అందులో పావు వంతుని పెక్ అంటారు. చిన్న కుటుంబానికి అది చాలు. మామిడికాయలా గడ్డిలో మాగెయ్యక్కర్లేదు, తెచ్చినవి ఫ్రిజ్‌లో పెట్టండి. దెబ్బ తగిలిన కాయ ఉంటే ముందే ఏరి తినేయండి, అది పక్కవాటిని కూడా పాడుచేస్తుంది.

కోయడం పిల్లలకి మీరే నేర్పండి. కాయని పట్టి లాగకూడదు. అరచేతిలో పెట్టుకుని పైకెత్తి కాస్త తిప్పితే, పక్వానికొచ్చిన కాయ తొడిమతో సహా చేతిలోకొస్తుంది. రాలేదంటే ఇంకా రోజులు పడుతుంది, వదిలేయండి. లాగితే తొడిమతో పాటు పొట్టి కణుపు కూడా ఊడొస్తుంది, వచ్చే ఏడు పూత రావాల్సింది దాని మీదే. ఎరుపు చూసి మోసపోకండి. ఎరుపు వెనక ఉన్న ఆకుపచ్చ పసుపు తిరిగిందా అని చూడాలి. మా నాన్నగారు ఒక కాయ కొరికి గింజ నల్లబడిందా అని చూశారు. మామిడి టెంక ముదిరిందా అని చూసే అలవాటు అది. తోటవాళ్లు ఒకటి రెండు రుచి చూడనిస్తారేమో అడిగి తినండి. జేబులు నింపుకోవడం, కొమ్మలెక్కడం, ఒక్క ముక్క కొరికి పారేయడం మన తోటలో ఎవరైనా చేస్తే మనం ఊరుకుంటామా?

ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకండి. గట్టు మీద నడిచొచ్చి జలగలు చూసుకున్నట్టే. జింకల మీద ఉండే చిన్న గోమార్ల వల్ల అక్కడ లైమ్ అనే జబ్బు వస్తుంది. కొన్ని తోటల్లో మేకలుంటాయి, వాటికి మేత పెట్టాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించాకే ఏదైనా తిననివ్వండి.

సైడర్ అనగానే పెద్దవాళ్లు కల్లు అనుకుని బెదురుతారు. తోటల్లో గ్లాసుల్లో పోసేది వడగట్టని ఆపిల్ రసమే, హార్డ్ సైడర్ అని రాసి ఉంటేనే మద్యం. పాశ్చరైజ్ చెయ్యని, అంటే క్రిములు చచ్చేలా వేడి చెయ్యని రసం మాత్రం చంటిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ, పెద్దవయసు వాళ్లకీ వద్దు. అక్కడ అమ్మే డోనట్లలో, అంటే తీపి గారెల్లాంటి వాటిలో, సాధారణంగా గుడ్డు ఉంటుంది, కార్తీకమాసం పట్టే అమ్మలకి ముందే చెప్పండి. చాలాచోట్ల బయటి తిండి లోపలికి రానివ్వరు, పులిహోర డబ్బా కారులోనే ఉంచండి. వరండాలో అలంకారానికి పెట్టే పెద్ద గుమ్మడికాయ పులుసులోకి పనికిరాదు, నీళ్లోడుతుంది. బటర్‌నట్ అనే గుమ్మడి రకం కొనుక్కోండి, దప్పళం మనింట్లో లాగే వస్తుంది. పుల్లటి గ్రానీ స్మిత్ దొరికితే మామిడికాయ పప్పు లాగా వండి అమ్మకి పెట్టండి.

వెళ్లొస్తూ ఆ రోజు మా నాన్నగారు తోటాయనతో అరగంట మాట్లాడారు, మధ్యలో నేను తర్జుమా. నీళ్లెక్కడివి, పురుగుకేం కొడతారు, కోత కూలీ ఎంత. చివర్లో ఒక పుల్ల కోసిస్తారా, మా ఊళ్లో అంటు కడతాను అన్నారు. అనుమతి పత్రాలు లేకుండా మొక్క ముక్క ఏదీ దేశం దాటించకూడదని ఆయనకి చెప్పడం నాకు చాలా కష్టమైంది. పిన్నిగారూ, బాబాయిగారు కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు సూట్‌కేసులో పెడతానంటే మీరూ అలాగే ఆపాలి. ఆయన చేతి కత్తి కూడా ఇంట్లోనే ఉంచమనండి. మట్టిలో తిరిగిన చెప్పులు మాత్రం బాగా కడిగి పెట్టమనండి, తోటలో వేసుకోవడానికి కావాలి.