ఐదో యాప్ ఎక్కించుకోకు తమ్ముడూ

ప్రశ్న: అక్కా నమస్తే. మాది సూర్యాపేట దగ్గర పల్లె, హైదరాబాద్‌లో బీటెక్ థర్డ్ ఇయర్, కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటున్నా. నాన్న నెలకి 9 వేలు పంపిస్తాడు, హాస్టల్‌కే 6500 పోతుంది. ఫోన్ డిస్‌ప్లే పగిలిందని ఒక యాప్‌లో 5 వేలు లోన్ పెడితే ఫీజులు కట్ చేసి 3500 వేశారు, వారంలో 5 వేలు కట్టమన్నారు. అది కట్టడానికి ఇంకోటి, దానికి ఇంకోటి, ఇప్పుడు నాలుగయ్యాయి. నిన్న మా మేనమామకి నా ఫోటో పెట్టి దొంగ అని వాట్సాప్ చేశారు. రూమ్‌మేట్ ఇంకో యాప్ చెప్తున్నాడు, దాంతో అన్నీ క్లోజ్ చేసెయ్యొచ్చా? నాన్నకి తెలిస్తే చంపేస్తాడు.

జవాబు: వద్దు, ఆ ఐదోది డౌన్‌లోడ్ కూడా చెయ్యకు. 3500 ఇచ్చి వారానికి 1500 ఎక్కువ లాగారంటే నూటికి 43 రూపాయల వడ్డీ, అదీ వారానికి, నెల లెక్క చూస్తే 170 దాటుతుంది, మీ ఊళ్ళో ఎవడైనా నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటేనే మీ నాన్న రక్తం తాగుతున్నాడురా అని తిట్టుంటాడు. దీనికి ప్రాసెసింగ్ ఫీజు అని పేరు పెట్టారు కాబట్టి నీకు వడ్డీలా కనపడలా, అంతే.

నాన్న సంగతి అంటావా, మేనమామ దాకా వెళ్ళిందంటే రేపో ఎల్లుండో ఎలాగూ తెలుస్తుంది, ఇంకొకరు చెప్పేలోపు నువ్వే ఫోన్ చేసి మొత్తం అంకెతో సహా చెప్పెయ్, సగం దాచి సగం చెప్పకు. రెండు రోజులు మాట్లాడడేమో, మాట్లాడకపోనీ.

తర్వాత ఆ నాలుగింటినీ రెండు కుప్పలు చెయ్. రిజర్వ్ బ్యాంక్ సైట్లో 2025 నుంచి లోన్ యాప్‌ల లిస్టు పెడుతున్నారు, అందులో నీ యాప్ ఉందా, వెనక అప్పిచ్చిన కంపెనీ ఎవరు అని చూడు. ఉంటే అది కట్టాల్సిన అప్పే, కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి టైమ్ అడుగు. కానీ వాళ్ళకీ రూల్స్ ఉన్నాయి, ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో కాగితం మీద ముందే చూపించాలి, నీ కాంటాక్ట్‌లు, గ్యాలరీ ముట్టుకోకూడదు, వసూలు కాల్స్ పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత చెయ్యకూడదు.

లిస్టులో లేనివి, ఫోటోలు పంపి బెదిరించేవి వేరే కుప్ప. వాళ్ళకి భయపడి ఒకసారి కట్టావంటే వీడు కడతాడని తెలిసిపోయి మళ్ళీ అడుగుతారు. యాప్ తీసేసే ముందే స్క్రీన్‌షాట్లు, వచ్చిన నంబర్లు, డబ్బు పడినప్పటి యూటీఆర్ నంబర్ (బ్యాంకు మెసేజ్‌లో ఉండే లావాదేవీ నంబర్) దాచిపెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టు. సిగ్గుపడాల్సింది ఏం లేదు, 2020 డిసెంబర్లోనే హైదరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు, స్టేషన్లో వాళ్ళకి ఈ కథ కొత్త కాదు. మామయ్యకీ, కాంటాక్ట్స్‌లో ఉన్న మిగతావాళ్ళకీ "నా ఫోన్ డేటా దొంగిలించారు, ఏ మెసేజ్ వచ్చినా నమ్మొద్దు, డబ్బు కట్టొద్దు" అని ఒక ముక్క పంపు.

నిజంగా కట్టాల్సిన దానికి ఇంట్లో చేతిలో డబ్బు లేకపోతే, అమ్మావాళ్ళు ఒప్పుకుంటేనే, బ్యాంకులో కాస్త బంగారం పెట్టండి, అది రూపాయి వడ్డీకి కొంచెం అటూఇటూగా వస్తుంది.

ఇక నెల ఖర్చు. హాస్టల్ 6500 నీ చేతికే రానివ్వకు, నాన్ననే నేరుగా వార్డెన్‌కి వెయ్యమను. మిగిలిన 2500 ఫోన్ పేకి లింక్ లేని అకౌంట్లో ఉంచి, ఆదివారం ఆదివారం 500 మాత్రం లింక్ ఉన్న జీరో బ్యాలెన్స్ అకౌంట్లోకి మార్చుకో. బిర్యానీ తినొద్దని నేను చెప్పను, కానీ రాత్రి పదకొండుకి ఆకలేసి ఆర్డర్ పెట్టే బిర్యానీకి డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు అంటూ ఎంత కలుపుతున్నారో బిల్లు ఒకసారి కిందదాకా చదువు. నెలకి ఐదొందలైనా మిగిలిస్తే ఈసారి డిస్‌ప్లే పగిలినప్పుడు యాప్ అవసరం రాదు.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. నా ఫ్రెండ్‌కి ఈఎంఐ రావట్లేదని నా పాన్ కార్డు మీద ఫోన్ తీసుకుంటానంటోంది, ప్రతి నెలా తనే కడతానంటోంది, నో కాస్ట్ కదా నాకేం నష్టం?

జవాబు: తనకెందుకు రావట్లేదో అడిగావా అమ్మా? పాత బాకీ ఏదో ఉండొచ్చు. నీ పాన్ మీద తీస్తే అప్పు నీదే, తను ఒక్క నెల ఎగ్గొట్టినా పెనాల్టీ నీకు, సిబిల్‌లో, అంటే అప్పులు సరిగ్గా కట్టావా లేదా అని చూపే రికార్డులో, మచ్చ నీకు, రేపు పీజీకి ఎడ్యుకేషన్ లోన్‌కి వెళ్తే బ్యాంకువాళ్ళు చూసేది అదే. అంత మొహమాటమైతే తిరిగి రాకపోయినా పర్లేదు అనుకున్నంత డబ్బు చేతికివ్వు, కార్డు మాత్రం ఇవ్వకు. ఎలా చెప్పాలో తెలీకపోతే పాన్ కార్డు ఇంట్లో అన్నయ్య దగ్గరుండిపోయింది అను, ఈ ఒక్క అబద్ధానికి నేను పూచీ.