క్యాజువాలిటీలో వేశారు, వార్డు అడగనా?

ప్రశ్న: సిస్టరమ్మా, నమస్తే. బీఎస్సీ నర్సింగ్ పూర్తయ్యాక దగ్గర్లోని టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. నేరుగా క్యాజువాలిటీలో వేశారు. 108 వచ్చి ఆగిందంటే గుండె దడ. నరంలో క్యాన్యులా పెట్టబోతే చెయ్యి వణుకుతుంది. మా వైపు పురుగుల మందు కేసులు ఎక్కువ. డాక్టరుగారు గబగబా ఆర్డర్లు చెబుతుంటే ఏది ముందు చెయ్యాలో తోచదు. సీనియర్లు అందరి ముందూ కసురుతారు. వార్డుకి మార్చమని అడగనా?
– ఓ సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: ఇప్పుడే అడగొద్దమ్మా. ఆరు నెలలు చూసి అప్పుడు ఆలోచించు.

చెయ్యి వణకడం పోతుందిలే. బీపీ పడిపోయిన మనిషికి నరం దొరక్కపోతే అది నీ చేతకానితనం కాదు. రెండుసార్లు చూశాక పక్క సిస్టర్‌ని పిలువు, మూడోసారి గుచ్చకు.

నీ అసలు ఇబ్బంది ఏ వస్తువు ఎక్కడుందో ఇంకా చేతికి తెలియకపోవడం. డ్యూటీకి పావుగంట ముందే రా. క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, సామాన్లు ఉండే బండి) సొరుగులు ఒక్కొక్కటే లాగి చూడు. గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా, నోట్లో నురగ, కఫం లాగే సక్షన్ మిషన్ లాగుతోందా, ఆక్సిజన్ సిలిండర్ కీ దాని దగ్గరే ఉందా? సిలిండర్ నిండుగా ఉండీ కీ కనబడక పరుగులు పెట్టినవాళ్లను ఎంతమందిని చూశానో! అడ్రినలిన్, అట్రోపిన్ ఇంజెక్షన్లు కళ్లు మూసుకుని తియ్యగలిగిన రోజున సగం దడ తగ్గుతుంది.

ఇక పురుగుల మందు తాగిన కేసు. తెచ్చినవాళ్లను ముందు అడగాల్సింది ఎందుకు తాగాడని కాదు, డబ్బా ఏదని. పురుగుల మందా, గడ్డి మందా తేలాలి. పారాక్వాట్ గడ్డి మందైతే అలవాటుకొద్దీ ఆక్సిజన్ పెట్టెయ్యకు. అది ఊపిరితిత్తులను ఇంకా పాడు చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) చూసి డాక్టరుగారు చెబితేనే పెట్టాలి. డబ్బా ఇంట్లోనే ఉంటే లేబుల్ ఫోటో పంపమను.

ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందైతే కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, నోట్లో నురగ, చెమట. పక్కకి తిప్పి సక్షన్ పెట్టు. గ్లవ్స్, ఏప్రాన్ వేసుకుని బట్టలు తీసేసి ఒళ్లూ జుట్టూ సబ్బుతో కడగాలి. బట్టల్లో మందు ఉన్నంతసేపూ ఒంట్లోకి ఇంకుతూనే ఉంటుంది. చాలాచోట్ల ఈ పని ఆయమ్మ మీదకి తోసేస్తారు, అది నాకు నచ్చదు.

దీనికి విరుగుడు అట్రోపిన్. దాని ఆంపుల్‌లో (చిన్న గాజు సీసాలో) ఉండేది 0.6 మిల్లీగ్రాములే. మామూలుగా 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఛాతీలో గురగుర తగ్గేదాకా ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేయమంటారు. అయిదు ఆంపుల్స్‌తో మొదలైతే పది, ఇరవై, నలభై! అందుకే ఒకరు పగలగొడుతూ ఉండాలి, ఒకరు టైము రాస్తూ ఉండాలి. ఖాళీవి కిడ్నీ ట్రేలోనే ఉంచు, తర్వాత లెక్క తేలేది వాటితోనే. పేషెంటు గొణుగుతూ దుప్పటి పీకుతున్నా, జ్వరం వచ్చినా అట్రోపిన్ ఎక్కువైందేమో అని వెంటనే చెప్పు. తేరుకున్నాక కూడా మూడు నాలుగు రోజులు, చూడ్డానికి వెళ్లినప్పుడల్లా దిండు మీంచి తల ఎత్తమను. ఎత్తలేకపోతే మెడ కండరాలు పడిపోతున్నట్టు, తర్వాత ఆగేది ఊపిరి. దాన్ని ముందు పట్టుకునేది చాలాసార్లు నర్సే.

నోటిమాట ఆర్డర్ వినగానే మందు పేరు, డోసు గట్టిగా తిరిగి చెప్పు. “అట్రోపిన్ మూడు మిల్లీగ్రాములు, ఐవీ, ఇస్తున్నాను సార్” అను. విసుక్కున్నా సరే, మానొద్దు. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్‌ని మాత్రం ఎవరు తొందరపెట్టినా నేరుగా నరంలోకి ఎక్కించకు.

సీనియర్ల సంగతి: కేసు నడుస్తున్నప్పుడు అరిచినవి మనసులో పెట్టుకోకు. అయ్యాక టీ దగ్గర “అక్కా, నేను ముందు ఏం చెయ్యాల్సింది?” అని అడుగు. చాలామంది చెబుతారు. కేసు లేనప్పుడు కూడా అవమానించేవాళ్లుంటే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం మీద రాసివ్వు.

నువ్వు అడగనిది ఒకటుంది. హెపటైటిస్‌-బి టీకా మూడు డోసులూ అయ్యాయా? వాడిన సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, అప్పటికప్పుడే రిపోర్ట్ చెయ్యి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. ఆ మందు రాత్రిపూట మీ ఆసుపత్రిలో ఎవరి దగ్గర ఉంటుందో రేపే కనుక్కో.