అనువాద చిత్రమా, చిత్రానువాదమా?

సందేహం: "'డాక్టర్ చక్రవర్తి' సినిమా కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవలపై ఆధారపడిన అనువాద చిత్రం" అని ఒక వ్యాసంలో రాశాను. అనువాద చిత్రం అనకూడదని మిత్రులొకరు దిద్దారు. మరి సినిమా టైటిళ్లలో 'చిత్రానువాదం' అని వేస్తారు కదా?

సమాధానం: మీ మిత్రులు సరిగానే దిద్దారు. పదాలు అవే అయినా వరుస మారితే అర్థం మారిపోతుంది. తత్పురుష సమాసంలో చివరి పదానిదే పెత్తనం. 'అనువాద చిత్రం'లో ప్రధానం చిత్రం. ఒక భాషలో తీసిన సినిమాకు మరో భాషలో మాటలు, పాటలు చేర్చి విడుదల చేస్తే దాన్ని అలా అంటాం. డబ్బింగ్ సినిమా అన్నమాట. 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' తెలుగు నవల నుంచి తెలుగులోనే తీసిన సినిమా. దానికి ఆ మాట బొత్తిగా అతకదు. 'చిత్రానువాదం'లో ప్రధానం అనువాదం. కథను దృశ్యాలుగా మలిచే రచన అది, అంటే స్క్రీన్‌ప్లే.

భాష మారనప్పుడు అనువాదం ఎలా అయిందని మీకు అనిపించవచ్చు. 'వద' ధాతువుకు చెప్పడమని అర్థం. 'అను' అంటే వెంట, తరువాత. ముందు చెప్పినదాన్ని మళ్లీ చెప్పడమే సంస్కృతంలో అనువాదం. భాష మార్చి చెప్పడమనే అర్థం తరువాత స్థిరపడింది. ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు ఇంకా లోతుకు వెళ్లాయి. ఊరికే తిరిగి చెబితే పునరుక్తి, అది దోషం. ప్రయోజనం కోసం తిరిగి చెబితే అనువాదం. నవలలో నాలుగు పేజీలు సాగే మనోవేదనను తెరమీద ఒక్క చూపులో చెప్పవలసిన రచయిత చేసేది సరిగ్గా ఇదే. ఇంత చక్కని మాటను పక్కన పెట్టి స్క్రీన్‌ప్లే అని వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

నవల నుంచి వచ్చిన సినిమాను 'అనుసరణ' అనండి. భాష కూడా మారినప్పుడు సైతం ఈ మాట సరిపోతుంది. శరత్ బెంగాలీ నవల నుంచి 1953లో 'దేవదాసు' వచ్చింది. 'మా భూమి'కి కిషన్ చందర్ ఉర్దూ నవల మూలం. కథను బాగా మార్చుకున్నప్పుడు మాత్రం 'ఆధారంగా' అనడమే నిజాయతీ.

మీ వాక్యంలో మరో మాట మిత్రుల కంట పడినట్టు లేదు: 'నవలపై ఆధారపడిన'. ఇది ఇంగ్లీషుకు మక్కికి మక్కి. ఆధారపడడమంటే అండ లేనిదే నిలవలేకపోవడం. వానపై ఆధారపడిన సేద్యం అంటాం. సినిమా నవలపై అలా ఆధారపడదు. "'చక్రభ్రమణం' నవల ఆధారంగా తీసిన సినిమా" అని రాయండి.