విశాఖ నుంచి భీమిలికి ఒంటరిగా: వరుస తిరగేయండి

కైలాసగిరి, తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, పావురాళ్లకొండ ఒకే రోజులో బైకుపై ఒంటరిగా చూడటం సాధ్యమేనా, దిబ్బల్లో దారి తప్పే ప్రమాదం ఉందా అని మీరు అడిగారు. సాధ్యమే, కానీ వరుసను తిరగేయండి. తెల్లవారకముందే విశాఖలో బయలుదేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా సుమారు 30 కిలోమీటర్లు నడిపి భీమిలి చేరితే, ఎండ ముదరకముందే పావురాళ్లకొండ ఎక్కగలుగుతారు. పైనుంచి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో సముద్రం మీ ఎడమ వైపే ఉంటుంది కనుక, తీరం వైపు ఆగాలనిపించిన చోటల్లా రోడ్డు దాటే పని ఉండదు. ఒంటరిగా నడిపేవారికి ఇది చిన్న విషయం కాదు.

దిబ్బల గురించి మీ భయం సహేతుకమే. వాన నీరు కోసిన ఆ చాళ్లు చూడటానికి ఒకేలా ఉంటాయి, ఎర్రటి గోడల మధ్య దిగాక సముద్రం ఏ వైపు ఉందో తెలియదు. బండి నిలిపిన చోటును ఫోనులో గుర్తు పెట్టుకోండి. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు మీ కళ్లకు ఎదురయ్యేది ఆ దృశ్యమే. అంచుల మీద మాత్రం నిలబడవద్దు. ఇసుక విరిగిపడుతుంది, పైగా 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ దిబ్బలు మన అడుగుల వల్ల అరిగిపోకూడదు.

తొట్లకొండపైకి బండి వెళుతుంది. అక్కడి బౌద్ధారామ శిథిలాలకు తీరికగా సమయం ఇవ్వాలంటే బావికొండను మరో రోజుకు వదిలేయడమే మేలని నా అభిప్రాయం. తోడు లేనప్పుడు ఋషికొండ బీచ్ వద్ద సైతం నీటిలోకి దిగకండి.