పాత మారుతి 800 వేడెక్కుతోంది, థర్మోస్టాట్ తీసేయమంటున్నారు. ఇంట్లోనే తీసేయవచ్చా?

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే చిన్న కవాటం. దాన్ని ఇప్పుడే తీసేయకండి. మీ నాన్నగారి 1999 మారుతి వేడెక్కుతోందని రాశారు గానీ, ఎప్పుడు వేడెక్కుతోందో రాయలేదు. ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదు. అందుకే 2016 వేసవిలో మా బండి హెడ్ గ్యాస్కెట్ పోయింది, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే పొర.

మాది 1998 మోడల్, కార్బురేటర్ బండి. హైవే మీద గుంటూరు దాకా ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లేది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు ఆగితే మాత్రం ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు పాకేది. తెలిసినవారు థర్మోస్టాట్ తీసేయమన్నారు, తీసేశాను. నీళ్లు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశాను. దాంతో పొద్దున్నే ఇంజిన్ వేడి అందుకోవడానికి చాలాసేపు పట్టేది, పెట్రోలు ఖర్చు పెరిగింది. ట్రాఫిక్‌లో ముల్లు మళ్లీ పైకే. రేడియేటర్ మార్చాను. వాటర్ పంపు మార్చాను. ఫలితం లేదు.

ఒకరోజు ఆయిల్ మూత విప్పితే లోపలివైపు మీగడలాంటి తెల్లటి జిగురు కనిపించింది. చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే బండికి మూత కింద కొద్దిగా అలా పట్టడం మామూలే, దానికి భయపడనక్కర్లేదు. కానీ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ తీస్తే నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది. గ్యాస్కెట్ పోయి ఆయిల్‌లో నీళ్లు కలిశాయి.

హెడ్ నేనే విప్పాను. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కోదాన్నీ పూర్తిగా బిగించుకుంటూ పోయాను. వారం తిరగకముందే మళ్లీ లీకు.

అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పానా పట్టకముందే అడిగారు: "బాబూ, ఇది ఆగినప్పుడు వేడెక్కుతుందా, పరిగెత్తేటప్పుడా?" ఆగినప్పుడే అన్నాను. నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్‌ను తిప్పే స్విచ్ కనెక్టర్ ఊడదీసి, అందులోని రెండు కొసలనూ చిన్న తీగ ముక్కతో కలిపి తాళం తిప్పమన్నారు. తిప్పగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. మోటారు బాగానే ఉంది, పోయింది స్విచ్ ఒక్కటే.

తర్వాత హెడ్ విప్పి, శుభ్రం చేసి, దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెనక నుంచి టార్చి వేశారు. స్కేలు కింద, మధ్యలో, సన్నటి వెలుగు గీత. అల్యూమినియం హెడ్ కదా, అతివేడికి వంగిపోయింది. అలాంటి హెడ్ కింద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నిలవదు. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, అంటే ఆ వంపు పోయేలా చదును చేయించి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో మధ్య బోల్టుల నుంచి బయటివైపుకు, కొంచెం కొంచెంగా మూడు విడతల్లో బిగించి చూపించారు. ఆ పని చూడటానికి పూర్తిగా ఒక రోజు సెలవు పెట్టాను. ఇప్పటికీ మంచి పని చేశాననే అనుకుంటాను.

ఇక మీ బండి సంగతి. పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. కాబట్టి ట్రాఫిక్‌లోనే వేడెక్కుతుంటే ముందు ఫ్యాన్ ఫ్యూజు, రిలే, స్విచ్, మోటారు చూడండి. హైవే మీద కూడా వేడెక్కుతుంటే నీళ్ల మట్టం, వాటర్ పంపు, దాని బెల్టు, రేడియేటర్‌లో పేరుకున్న తుప్పు చూడాలి. ఇంజిన్ బాగా వేడెక్కినా రేడియేటర్ పైగొట్టం చల్లగానే ఉంటే అప్పుడు థర్మోస్టాట్‌ను అనుమానించండి. అది మూసుకుపోయి ఉంటే కొత్తది వేయండి, ఖాళీగా మాత్రం వదలకండి. బోరు నీళ్లు వద్దు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి.

వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. నా ఎడమ ముంజేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టుకోండి.

రేపు పొద్దున బండిని నీడలో నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ముల్లు సగం దాటాక ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. చేతులు దూరంగా ఉంచండి, అది ఉన్నట్టుండి తిరుగుతుంది. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తుంటే వెంటనే ఆపేయండి. ఏం కనిపించిందో రాస్తే తర్వాత ఏది విప్పాలో చెబుతాను.